దవడపంటి పగ

సెల్లత్తాయికి కోపం వస్తే ముందు గిన్నెలకు తెలుస్తుంది, తర్వాత పక్కింటివాళ్ళకు. వచ్చినంత వేగంగా పోతుంది కూడా. పొద్దున దులిపేసిన మనిషినే మధ్యాహ్నం పిలిచి పులుసు పోస్తుంది. కానీ పళ్ళ డాక్టరు జెయకుమార్ మీద ఆమె పెంచుకున్నది ఆ బాపతు కోపం కాదు. అది అరవదు, తగ్గదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఎడమ దవడ అడుగున సలుపుతూ, నేనింకా ఇక్కడే ఉన్నానంటుంది. పళ్ళు నూరుకుందామన్నా ఆ పన్ను ఒప్పుకోదు. అందుకని రెండేళ్ళుగా ఆమె కడుపులోనే నూరుకుంటోంది.

ఆ పన్నుతోనే కదా ఆమె బతుకు నడిచింది. కోవిల్‌పట్టి కడలై మిఠాయి పేరు వినని వాళ్ళు ఆ చుట్టుపక్కల ఉండరు. వేరుశనగపప్పు, బెల్లం పాకం, అంతే అందులో ఉండేది. కానీ పాకం కాస్త ముందు దించితే మిఠాయి పళ్ళకు అతుక్కుని సాగుతుంది, కాస్త ఆలస్యమైతే చేదెక్కుతుంది. సెల్లత్తాయి పనిచేసే పట్టడలో, ఆ మిఠాయి వండే చోట, ఎప్పుడు దించాలో చెప్పేది ఆమె. మరిగే పాకాన్ని గరిటె అంచున తీసి చన్నీళ్ళలో వేస్తారు. గట్టిపడ్డ ఆ బొట్టును ఆమె ఎడమ దవడ కింద పెట్టి కొరుకుతుంది. పటుక్కుమంటే "దించండి" అంటుంది. కడంబూరు దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చిన కొత్తలో చేరింది, కూతురు కార్తిక కాలేజీకి వచ్చేదాకా అదే పీట మీద కూర్చుంది. అందరూ నిలబడి చేసే చోట తానొక్కతే కూర్చుని చేసే పని. ఆ గర్వం ఆమెకు బాగానే ఉండేది, దాచుకునేది కూడా కాదు.

అన్నేళ్ళు బెల్లం కొరికిన పన్ను పుచ్చక ఏం చేస్తుంది? పుచ్చింది. కోవిల్‌పట్టిలో పళ్ళ డాక్టర్లకు కొదవలేదు. వాళ్ళందరిలో జెయకుమార్ దగ్గరికే పోవడానికి కారణం ఒక్కటే, ఆయన మనోడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఇదీ వాళ్ళ జనం అలవాటు. ఇంట్లో మాట్లాడే మాట బయట ఒక డాక్టరు నోట వినబడిందంటే, ఇక ఆయన హస్తవాసి ఎలాంటిదో ఎవరూ ఆరా తీయరు. మొదటిరోజే ఆయన "ఏమక్కా, యా పల్లు?" అన్నాడు. సెల్లత్తాయికి సగం నొప్పి అక్కడే తగ్గిపోయింది. ఆమె మొగుడు సోలైమలైని "రాండి బావా" అన్నాడు. సోలైమలై అయితే కరిగి నీరైపోయాడు.

పంటి లోపలి నరం చచ్చిపోయిందని, వేరు లోపల కడిగి మూసేసి పైన తొడుగు వేస్తే మళ్ళీ గట్టిగా కొరకవచ్చని డాక్టరు చెప్పాడు. రెండు మూడుసార్లు తిరిగారు. ఆఖరిసారి మత్తు సూదితో సగం మొహం తనది కానట్టు, నోటినిండా దూదితో ఆమె కుర్చీలో పడుకుని ఉంది. పని చేస్తున్న డాక్టరు చేయి ఉన్నట్టుండి ఆగింది. "ఛ" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. చాలాసేపు లోపల ఏదో గెలికాడు. తర్వాత చేతి తొడుగులు విప్పి, సోలైమలై కూర్చున్న బయటి గదిలోకి వెళ్ళి, కొంతసేపటికి తిరిగొచ్చి పన్ను మూసేశాడు.

"అయిపోయె అక్కా. ఇంటికి పోయి పడుకోండి" అన్నాడు.

పురట్టాసి నెల వానలు పడి, సోలైమలై మినుములు విత్తే పనిలో తలమునకలుగా ఉన్న రోజుల్లో ఆమె చెంప ఉబ్బింది. కన్ను మూసుకుపోయేంత ఉబ్బింది. జెయకుమార్ మాత్రలు రాసిచ్చాడు, వాపు దిగింది. మాత్రలు ఆపగానే చిగురు మీద గింజంత పొక్కు లేచింది. అది చితుకుతుంది, చీము కారుతుంది, నాలుగు రోజులు నెమ్మదిస్తుంది, మళ్ళీ లేస్తుంది. లేచినప్పుడల్లా ఆ పాత చీటీ చూపించి అవే మాత్రలు కొనుక్కునేది. ఆమె నోట్లో ఎప్పుడూ ఒక ఉప్పటి కుళ్ళు రుచి. మల్లెపూలు పెట్టుకున్నా ఆ వాసనే, కాఫీ తాగినా ఆ రుచే.

అలాంటి నోటితో పాకం చూడటం ఎలా? ఎడమ వైపు కొరకలేక కుడివైపు కొరికింది. కుడి దవడకు ఆ పని అలవాటు లేదు. ఒక పెళ్ళివారి కోసం వండిన పాకం మొత్తం జిగటగా దిగి, బిళ్ళలన్నీ కాగితానికి అంటుకుపోయాయి. యజమాని ఒక్క మాట అనలేదు. మర్నాడు పోయేసరికి పీట మీద తనతో పనిచేసే మారీశ్వరి కూర్చుని ఉంది, సెల్లత్తాయికి కాగితాలు చుట్టే మూల చూపించారు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. తిట్టకపోవడంతో ఆ అవమానం ఎక్కడికీ పోక ఆమెలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుడితో అంది. "మామా, నా పల్లు పాడు చేసి నన్ను పీట దించినోన్ని సుమ్మా విడువను. వాని వాకిట్లో మన్ను పోస్తా."

ఆ పక్క ఆడది మన్ను పోస్తానందంటే అది నోటికొచ్చిన తిట్టు కాదు. అన్యాయం చేసినవాడి గడప ముందు నిలబడి, గుప్పిట నిండా మన్ను ఎత్తి, వాడు చేసిన పని నలుగురూ వినేలా పేరుపెట్టి చెప్పి, ఆ ఇంటి మీదికి విసరడం. ఆ మన్ను పడ్డ ఇల్లు బాగుపడదని నమ్మకం. పోలీసులకు భయపడనివాళ్ళు కూడా దానికి భయపడతారు. పొరపాటున తప్పు చేయని మనిషి మీద పోస్తే పోసిన చేతికే తిరిగొస్తుందని కూడా నమ్మకం. అందుకే ఎంత నోరున్న ఆడదైనా ఆ పనికి తొందరపడదు.

సోలైమలై ఆమెను మించి తిట్టాడు. "వాడు బాగుపడడు. వాని చేయి ఇరిగిపోను" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆమె చెంప పట్టుకున్నప్పుడల్లా ఆయనే ముందు అందుకునేవాడు, చెడామడా తిట్టేవాడు. మొగుడు తన పక్షాన ఇంత గట్టిగా నిలబడటం చూసి సెల్లత్తాయికి అంత బాధలోనూ ముచ్చటేసేది. అయితే "లెయ్యి మామా, ఇప్పుడే పోయి అడుగుదాము" అంటే మాత్రం ఆయనకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. "రుజువు లేక ఎట్ల పోసేదే? రేపు మనకే తిరుక్కుంటే?" అనేవాడు. అదీ నిజమే అనుకునేది ఆమె.

రుజువు విరుదునగర్‌లో దొరికింది.

కార్తిక అక్కడే కాలేజీలో చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చి, తల్లి అన్నం నీళ్ళలో పిసుక్కుని తాగడం చూసింది. ఇలా చెడిపోయిన పళ్ళను మళ్ళీ తెరిచి బాగుచేసే డాక్టరు శివరంజని అని తమ కాలేజీ దగ్గరే ఉందని చెప్పింది. "అంత దూరం యాల? ఈడ మాత్రలు లేవా?" అన్నాడు సోలైమలై. తల్లీ కూతుళ్ళు ఆ మాట పట్టించుకోకుండా బస్సెక్కారు.

శివరంజనికి తెలుగు రాదు. తమిళంలోనే, తొందరపడకుండా, నోరు తెరిచిన మనిషి కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది. పంటికి ఫోటో తీసి తెర మీద పెట్టింది.

"ఇదీ మీ పన్ను. ఇవి వేర్లు. ఈ వేరు కింద తెల్లగా మెరిసే గీత కనబడుతోందా? వేరు కడిగే సూది ముక్క అది. లోపల విరిగిపోయింది. దాని కిందికి దారి మూసుకుపోవడంతో అక్కడ కడగలేదు. మురికి అక్కడే ఉండిపోయింది. చుట్టూ ఈ నల్లమచ్చ ఉంది చూడండి, అంతమేరా ఎముక కరిగిపోయింది."

"ఇన్ని మాత్రలు మింగాను కదమ్మా?"

"మాత్ర రక్తం ద్వారా వెళ్ళాలి. చచ్చిన వేరులోకి రక్తం రాదు. లోపల ఉన్న క్రిములేమో మహా మొండివి. గాలి లేకపోయినా, తిండి లేకపోయినా వేరు గోడను కరుచుకుని బతుకుతాయి. పస్తు పెట్టినా చావవు."

సెల్లత్తాయికి ఆ క్రిముల మీద కాస్త గౌరవం కలిగింది. తర్వాత అడగాల్సింది అడిగింది. "సూది విరిగిన సంగతి ఆ డాక్టరుకు తెలిసే ఉంటుందా?"

శివరంజని కొంచెం ఆలోచించింది. "విరగడం ఎవరి చేతిలోనైనా జరుగుతుందమ్మా. నా చేతిలోనూ విరిగింది. అది తప్పు కాదు. విరిగితే చెప్పాలి, తీయగలిగే చోటికి పంపాలి. తెలియకపోవడమంటూ ఉండదు, చేతికి తెలిసిపోతుంది."

దూది కుక్కిన నోటితో పడుకుని విన్న ఆ "ఛ" సెల్లత్తాయికి గుర్తొచ్చింది. అంటే తెలుసు. తెలిసే మూశాడు. అక్కా అని పిలిచిన నోటితోనే అయిపోయింది పో అన్నాడు. ఇన్నాళ్ళూ చెయ్యి మంచిది కాని డాక్టరు మీద కోపం, ఇప్పుడు మోసగాడి మీద పగ.

శివరంజని ఆ రోజే పని మొదలుపెట్టింది. పంటి చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, దుర్భిణి లాంటి యంత్రంలోంచి చూస్తూ, పాత తొడుగు తీసి, లోపల నింపిన గులాబీరంగు మైనాన్ని కొద్దికొద్దిగా లాగింది. గది అంతా కంపు కొట్టింది. అది తన నోటి కంపేనని సెల్లత్తాయి సిగ్గుతో ముడుచుకుపోయింది, ఈ సిగ్గుకు కూడా జెయకుమారే జవాబు చెప్పాలని వెంటనే అనుకుంది. సూది ముక్క మరీ లోతుగా దిగి ఉంది, రాలేదు. దారి ఉన్నంతమేర కడిగి, సున్నం లాంటి మందు పెట్టి మూసింది డాక్టరు. కొన్ని వారాలు చూస్తామని, పొక్కు మళ్ళీ లేస్తే చిగురు కోసి సూదితో సహా వేరు కొనను తీసేస్తానని, అప్పుడు కూడా పన్ను నిలబడుతుందని చెప్పింది. సెల్లత్తాయి ఆ ఫోటో తనకొకటి కావాలని అడిగి తీసుకుంది.

ఇంటికి రాగానే దాన్ని మొగుడి చేతిలో పెట్టింది. "రుజువు అడిగితివి కదా మామా? ఇదో."

సోలైమలై ఫోటోను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇప్పుడు శరి అవుతుంది అన్నారు కదా? పోనీ విడువే. పెద్ద మనసు చేసుకో" అన్నాడు.

"నా దగ్గర పెద్ద మనసు లేదు. కుళ్ళిపోయిన పల్లు ఉండాది, అంతే. పార తీసుకో."

జెయకుమార్ ఆస్పత్రి ముందు అంతా నాపరాయి పరిచి ఉంటుంది, గుప్పెడు మన్ను దొరకదు. అందుకని తమ చేలోంచే నల్లమన్ను తవ్వించింది, మొగుడి చేతే తవ్వించింది. తవ్వినంతసేపూ ఆయన తలెత్తలేదు. పాపం, ఒకరికి కీడు తలపెట్టాలంటే ఈయన మనసు ఒప్పుకోవడం లేదనుకుంది సెల్లత్తాయి. గుడ్డలో కట్టి నడుముకు దోపుకుంది.

సాయంత్రం ఆస్పత్రి నిండుగా ఉండే వేళ చూసి పోయారు. సోలైమలై రానన్నాడు. "నేను చచ్చినా ఇట్లనే రానంటావా?" అని ఆమె అడిగితే చెప్పులేసుకున్నాడు. గాజు తలుపు బారుగా తీసి ఉంది. లోపల బల్లల మీద జనం, చెంపలు పట్టుకున్నవాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో వేసుకున్నవాళ్ళు. సెల్లత్తాయి గడప దాటలేదు. బయటే నిలబడి మూట విప్పింది. ఎడమచేత్తో ఫోటో, కుడిచేతి గుప్పిట్లో మన్ను. ఆ మన్ను చూడగానే ముందు వరస ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచి గోడవైపు జరిగారు. చీట్లు రాసే పిల్ల "అయ్యయ్యో వద్దక్కా, అక్కా" అంటూ లోపలికి పరుగెత్తింది.

జెయకుమార్ మూతిగుడ్డ కిందికి లాక్కుంటూ బయటికొచ్చాడు.

"జెయకుమారా!" అంది సెల్లత్తాయి. ఇన్నాళ్ళూ ఆయన్ను డాక్టరు గారూ అన్న నోరు అది. "మన మాట మాట్లాడేవాడివని నీ దగ్గర నోరు తెరిస్తిని. నా పంట్లో సూది విరిచి మూసి పెడితివి. విరిగిందని నాకు ఒక్క మాట చెప్పలే. నా నోరు కుళ్ళిపోయె. నా పీట పోయె. రెండేండ్లు నేను చీము మింగితిని."

అదే మాట తమిళంలోనూ చెప్పింది, అందరికీ అర్థం కావాలని. గుప్పిట పైకెత్తింది.

జెయకుమార్ మొహంలో నెత్తురు లేదు. కానీ ఆయన ఆమె గుప్పిటను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"బావా," అన్నాడు, "మీరు అక్కతో చెప్పలేదా?"

సెల్లత్తాయి చేయి పైనే ఉండిపోయింది.

"సూది విరిగిన రోజే బయటికొచ్చి బావతో చెప్పితి కదక్కా. విరుదునగర్‌లో తీసే డాక్టరు ఉండారు, తొందరగా తోడుకొని పొండి, ఆలస్యమైతే చీము పడుతుంది అని. మీ చెంప ఊది వచ్చినప్పుడు గూడా అడిగితి. విత్తు పని అయినాక పోతామనె. తర్వాత మీరు రాలే. పోయి తీయించుకున్నారేమో అనుకుంటి."

సెల్లత్తాయి వెనక్కి తిరిగింది. మొగుడు కాదంటే నమ్మడానికి ఆమె సిద్ధంగానే ఉంది. వీడు అబద్ధమాడుతున్నాడే అని ఒక్క మాట అంటే చాలు, ఆ గుప్పిట వెంటనే దిగేది. సోలైమలై ఆ మాట అనలేదు. చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు.

"నిజమా మామా?"

"అదను పోతుందని..." అన్నాడు. "తేమ ఉండంగానే విత్తాల కదా. విత్తినాక చెప్పుదామని ఉండితి. అంతలో చెంప ఊదె. చెప్పితే నన్ను చంపుతావని భయపడితి. నువ్వేమో మన్ను పోస్తానంటివి. ఇంక ఎట్ల చెప్పేది?"

ఇంతేనా? ఒక పెద్ద పాపం అయినా బాగుండేది. మినుముల కోసం మొదలై, భయం కోసం సాగిన చిన్న సంగతి. ఆమె మూలుగుతుంటే పక్కనే పడుకుని విన్నాడు. కషాయం కాచి ఇచ్చాడు. తనకంటే గట్టిగా డాక్టరును తిట్టాడు, ఆ తిట్లు విని తాను మురిసిపోయింది. అదే ఆమెకు భరించరానిదైంది. చీము మింగడం కంటే ఆ మురిసిపోవడమే ఎక్కువ కుళ్ళు అనిపించింది.

జెయకుమార్‌కు కొంచెం ఊపిరి వచ్చింది. "చూడండక్కా, నా తప్పు లేదు..." అని మొదలుపెట్టాడు.

సెల్లత్తాయి మళ్ళీ ఆయనవైపు తిరిగింది. "పల్లు ఎవరిది?"

"మీదేనక్కా."

"మరి నాతో యాల చెప్పలే?"

"మీ నోట్లో దూది ఉండె కదక్కా. ఇంటాయనతో చెప్పితే మీతో చెప్పినట్లే కదా అని..."

"దూది ఉండింది నోట్లో. చెవుల్లో లేదు."

ఒక పెద్దావిడ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంటాయనతో చెప్పేశాం అనే మాట అక్కడున్న ఏ ఆడదానికీ కొత్త కాదు. ఏ ఆస్పత్రికి పోయినా కుర్చీలో పడుకునేది వీళ్ళు, సంగతి తెలిసేది వెంట వచ్చిన మగవాడికి.

"చెవులుండే మనిషితో చెప్పనిదానికి," అంది సెల్లత్తాయి, విసిరింది. నల్లమన్ను గాజు తలుపుకు కొట్టుకుని, నున్నటి నాపరాళ్ళ మీద చెల్లాచెదరుగా పడింది. జెయకుమార్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చదువుకున్నవాడే, అయినా పెట్టుకున్నాడు. ముందు వరసలో చెంప పట్టుకున్న ఒకావిడ గట్టిగా అడిగింది. "సార్, నా పంట్లో ఏమైనా విరిగిందా? విరిగితే నాకే చెప్పండి." ఆ వెనక ఇంకొకావిడ, నాకూ ఫోటో చూపించండి అంది. కొందరు చెప్పులు వెతుక్కుంటున్నారు. సెల్లత్తాయికి ఆ గొడవ చెవులకు ఇంపుగా ఉంది. ఆ తృప్తిని ఆమె దాచుకోలేదు, నిలబడి కాసేపు విన్నది.

మూటలో ఇంకా మన్ను ఉంది. ఆమె మొగుడి వైపు చూసింది. సోలైమలై అందరి ముందూ చేతులు జోడించాడు. పోయవచ్చు. తప్పు చేయని మనిషి కూడా కాదు. కానీ ఆయన ఇల్లంటే తన ఇల్లే, అందులో కార్తిక కూడా ఉంది. అదీకాక, ఒక్క గుప్పెడు విసిరేసి చేతులు దులుపుకుంటే ఈయనకు అక్కడితో తీరిపోతుంది. అంత సులువుగా తీరనివ్వడం ఆమెకు ఇష్టం లేదు.

"నీకు మన్ను చాలదు" అంది. మూట బిగించి, బస్టాండుకు పోయే దారిలో మురికి కాలవలో పారబోసింది.

సోలైమలై ఆ రోజు నుంచీ తిట్ల కోసం కాచుకున్నాడు. గిన్నెలు ఎగురుతాయనుకున్నాడు, ఎగరలేదు. వేళకు వండి పెట్టింది, ఉతికి ఆరేసింది, అడిగినదానికి జవాబు చెప్పింది. తిట్టవే తల్లీ అని ఒకరోజు ఆయనే బతిమాలాడు. "యాల తిట్టేది?" అంది ఆమె, మెత్తగా. ఆ మెత్తదనానికి ఆయనకు చెమటలు పట్టాయి.

సున్నం మందుకు క్రిములు లొంగలేదు. పొక్కు మళ్ళీ లేచింది. శివరంజని చిగురు కోసి, సూది ముక్కతో సహా వేరు కొన తీసేయడానికి ఒక తేదీ చెప్పింది. నేనూ వస్తానని సోలైమలై కాళ్ళావేళ్ళా పడ్డాడు. రమ్మంది, బయట బల్ల దాకా. లోపలికి పోయాక డాక్టరుతో అంది.

"అమ్మా, మంచైనా చెడైనా నాకే చెప్పండి. బయట కూర్చున్న మనిషి ఎంత అడిగినా చెప్పకండి."

శివరంజని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకుంది. "మీ పన్ను, మీ ఇష్టం" అంది.

కోత అయింది, కుట్లు పడ్డాయి, కుట్లు విప్పారు. నెలలు గడిచాక శివరంజని మళ్ళీ రమ్మని, ఇంకో ఫోటో తీసింది. నల్లమచ్చ బూడిదరంగుకు తిరిగింది, అంచుల నుంచి కొత్త ఎముక పూడుకొస్తోంది. డాక్టరు పంటి మీద చిన్న కడ్డీతో తట్టింది, ఊపి చూసింది, చిగురు నొక్కింది. ఎక్కడా నొప్పి లేదు. పొక్కు ఉన్న చోట ఆనవాలు కూడా లేదు.

"మానుతోందమ్మా. ఇంక రెండువైపులా నమిలి తినండి. మరీ గట్టివి మాత్రం కొన్నాళ్ళు వద్దు."

సెల్లత్తాయి ఆ కుర్చీలోనే బోరుమని ఏడ్చింది. ఎంత సంతోషమో అంత ఏడుపు. శివరంజని చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. మొహం తుడుచుకోబోయి, ఎందుకో ఆగి, తుడుచుకోకుండానే బయటికొచ్చింది.

తడి కళ్ళు చూసి సోలైమలై బల్ల మీంచి ఉలిక్కిపడి లేచాడు. "ఏమి చెప్పిరి?"

"ఏమీ లే. రా పోదాం."

"తగ్గలేదా? మళ్ళా కోయాల్నా? పల్లు తీసేస్తారా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందు నడిచింది. ఆయన వెనక్కి పరుగెత్తి చీట్లు రాసే అమ్మాయిని అడిగాడు. పేషెంటుకే చెప్తామండి అంది ఆ అమ్మాయి. బస్సు సాత్తూరు దాటేదాకా అడుగుతూనే ఉన్నాడు. "నీకు దండం పెడతా, ఒక్క మాట చెప్పే" అన్నాడు. ఆమె కిటికీలోంచి చేలకేసి చూసింది. మళ్ళీ వానలు పడ్డాయి, నాగళ్ళు కదులుతున్నాయి.

"విత్తు పని కానీ, చెప్తాలే" అంది.

విత్తు పని అయింది. ఆమె చెప్పలేదు. సోలైమలై కూతురికి ఫోన్ చేశాడు, "అమ్మనే అడుగు నైనా" అంది కార్తిక. తల్లి తనకు చెప్పింది, చెప్పకూడదని కూడా చెప్పింది. ఆయన తనంతట తానే ఇంట్లో బెల్లం, మురుకులు కనబడకుండా దాచాడు. అన్నం మెత్తగా వండటం నేర్చుకున్నాడు. తాను తినేముందు ఆమె దవడ ఎలా కదులుతోందో చూసేవాడు, ఏ వైపు నములుతోందో తెలియక మెడ అటూ ఇటూ వంచేవాడు. మనిషి చిక్కిపోయాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మీ ఆయన ఎంత మంచివాడే అన్నారు. సెల్లత్తాయి అవునంది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నారు. చాలాకాలం తర్వాత ఆమె ఎడమ దవడతో, హాయిగా, కూరముక్క నమిలింది. కూరలో కారం కారంలా, పులుపు పులుపులా తెలిసింది. ఆ రుచికి లోపల ప్రాణం లేచొచ్చినట్టయింది. తలెత్తి చూస్తే ఆయన ముద్ద పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"నొస్తా ఉండాదా సెల్లా?"

సెల్లత్తాయి నమలడం ఆపింది. మెల్లగా చేయి ఎత్తి ఎడమ చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని, "స్స్" అంది. సోలైమలై చేతిలోని ముద్ద తిరిగి కంచంలో పడింది. ఆయన లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమె కళ్ళు తెరిచి, కూర ఇంకాస్త వడ్డించుకుంది.